నీడగడియారం తేడా చూపిస్తే ముందుగా గోడ దిక్కు సరిచూడండి

సమస్య: దక్షిణపు గోడ మీద గీసిన నీడగడియారం ఒకే రోజున ఉదయం ఒక తేడా, మధ్యాహ్నం మరో తేడా చూపిస్తుంది.

రోజంతా ఒకే తేడా ఉంటే గోడను అనుమానించనక్కరలేదు. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, తిరుపతి 79.4 డిగ్రీల దగ్గర ఉంది. కాబట్టి నీడ సగటున 12 నిమిషాలు వెనుకబడటం సహజమే. తేడా పూటపూటకూ మారుతుంటే మాత్రం చాలావరకు గోడ దిక్కు తప్పుగా కొలిచారని అర్థం.

అందరూ వదిలేసే పరీక్ష ఇది: అదే గోడ దిక్కును ఉదయం ఒకసారి, మధ్యాహ్నం పొద్దు వాలాక ఒకసారి కొలవండి (కొలిచే పద్ధతి కింద పరిష్కారంలో ఉంది). రెండు జవాబులూ అర డిగ్రీ లోపు కలవాలి. కలవకపోతే కొలతకు వాడిన పలక సమతలంగా ఉందో లేదో రసమట్టంతో, దాని మీది మేకు నిటారుగా ఉందో లేదో మూలమట్టంతో సరిచూడండి.

అవి రెండూ సరిగ్గా ఉన్నా దిక్కు తప్పిందంటే, చాలాసార్లు కారణం గడియారంలో పన్నెండు కొట్టగానే పడే నీడను ఉత్తర దక్షిణ రేఖ అనుకోవడమే. తిరుపతిలో అసలైన మిట్టమధ్యాహ్నం, అంటే సూర్యుడు ఉత్తర దక్షిణ రేఖ మీదికి వచ్చే క్షణం, నవంబరు మొదట్లో సుమారు 11:56కు, ఫిబ్రవరి రెండో వారంలో 12:26కు వస్తుంది. ఆ ఫిబ్రవరి రోజుల్లో పన్నెండింటి నీడను నమ్మితే గోడ దిక్కు దాదాపు 13 డిగ్రీలు తప్పుతుంది. పైగా మన అక్షాంశం 13.6 డిగ్రీలే కావడంతో ఏప్రిల్ చివర, ఆగస్టు మధ్యలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు మధ్యాహ్నం ఒక్క నిమిషంలోనే అతని దిశ పది డిగ్రీలకు పైగా తిరగగలదు కనుక, ఎంత జాగ్రత్తగా గీసినా ఆ గీత పనికిరాదు.

పరిష్కారం: అక్టోబరు నుంచి మార్చి లోపు ఉదయం ఎనిమిది ప్రాంతంలో కొలవండి. అప్పుడు సూర్యుడి దిశ గంటకు నాలుగు నుంచి ఆరు డిగ్రీలే మారుతుంది, నిమిషం అటూఇటూ అయినా నష్టం లేదు. పలక అంచును గోడకు ఆనించి, బయటి అంచు దగ్గర పొట్టి మేకు నిలబెట్టి, నీడ మధ్యగా సన్నని పెన్సిల్ గీత గీసి, వెంటనే సమయం రాసుకోండి. గోడకు లంబంగా గీసిన గీతతో ఆ నీడ చేసే కోణాన్ని కొలిచి, ఆ నిమిషానికి సూర్యుడి దిశాకోణానికి (ఉత్తరం నుంచి తూర్పు మీదుగా కొలిచే కోణం) కలపండి. గోడకు వీపు ఆనించి నిలబడినప్పుడు సూర్యుడు ఎడమవైపు ఉంటేనే కలపాలి, కుడివైపు ఉంటే తీసివేయాలి. సూర్యుడు 115 డిగ్రీల దగ్గర ఉండి కోణం 62 వస్తే గోడ 177 డిగ్రీల వైపు చూస్తున్నట్టు, అంటే దక్షిణానికి మూడు డిగ్రీలు తూర్పుగా.

గోడకు ఆనించి పెట్టిన దిక్సూచిని లెక్కలోకి తీసుకోవద్దు. లోపలి ఇనుప చువ్వలు, కిటికీ గ్రిల్లు ముల్లును లాగేస్తాయి. పూత ఉబ్బడం, గోడ ఒరగడం అరుదు; పొడవాటి బద్ద, బరువు కట్టిన దారం పెట్టి చూస్తే తెలిసిపోతుంది.