ఘాట్ రోడ్డు మంచుకు ఫాగ్ లైట్లు: పని చెడేది ఎర్త్ దగ్గరే

అరకు, లంబసింగి, వంజంగి తిరగడానికి ఫోర్ బై ఫోర్ బండి కొన్నవాళ్లలో చాలామంది ముందుగా రూఫు మీద పొడవాటి లైట్ బార్ పెట్టిస్తారు. దండగ ఖర్చు. డిసెంబరు తెల్లవారుజామున అనంతగిరి ఘాట్‌లో మంచు దిగాక పైనుంచి పడే వెలుగంతా మంచుకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. బండి ముందు సున్నం కొట్టిన గోడ కట్టినట్టుంటుంది, మలుపు ఎటో తెలీదు. మంచులో వెలుగు హెడ్‌లైటు కన్నా కిందనుంచి, వెడల్పుగా, నేలను పాకుతూ పోవాలి. అందుకు బంపర్‌లో ఒక జత ఫాగ్ లైట్లు, వాటికి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన వైరింగు చాలు. ఒక పూట పని.

బుల్ బార్ (బంపర్ ముందు బిగించే ఇనుప చట్రం) జోలికి పోకండి. అది చట్టవిరుద్ధమైన మార్పు కింద లెక్క, చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పైగా ముందు ఇనుప చట్రం ఉంటే గుద్దుకున్నప్పుడు దెబ్బ తగిలే తీరు మారిపోయి, ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాల్సిన సమయానికి తెరుచుకోకపోవచ్చు. ఆ డబ్బుతో మంచి టైరు గేజి, 12 వోల్టుల కంప్రెసర్, ఇరుక్కున్న బండిని లాగే టో స్ట్రాప్ కొనుక్కోండి.

కావలసినవి

20 వాట్ల ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు రెండు, నాలుగు పిన్నుల 12 వోల్టుల రిలే (సన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చి), మూత ఉన్న ఫ్యూజ్ హోల్డరు, స్విచ్చి, ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజు చోటు నుంచి కొత్త వైరు తీసుకునే ముక్క), రింగు లగ్గులు (వైరు చివర వేసి బోల్టుకు బిగించే ఉంగరాలు), వేడికి ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం, జిప్ టైలు, ముడతల గొట్టం, ఎమరీ పేపరు, పెట్రోలియం జెల్లీ. మల్టీమీటరు తప్పనిసరి. విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో ఒక్క చక్కర్ కొడితే అన్నీ దొరుకుతాయి. వైరు మాత్రం ఆటో వైరే అడగండి. ఇంటి వైరింగు తీగ తొడుగు ఇంజను వేడికీ నూనెకూ గట్టిపడి పగులుతుంది. ఎల్‌ఈడీకి 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) చాలు. 55 వాట్ల హాలోజన్ జత అయితే 2.5 స్క్వేర్ కావాలి.

లెన్సు పసుపుదే కొనండి. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని షాపులో చెబుతారు. నిజానికి మంచు బిందువులు పెద్దవి, వాటికి రంగు తేడా పెద్దగా పట్టదు. కానీ తిరిగొచ్చే వెలుగు పసుపైతే కంటికి తక్కువ గుచ్చుకుంటుంది. గంటసేపు ఘాట్ ఎక్కేటప్పుడు అదే కావాలి.

సులువైన పనులు

ముందు బ్యాటరీ నెగెటివ్ తీయండి, చివర్లో అదే తిరిగి పెట్టండి. పాజిటివ్‌తో మొదలుపెడితే స్పానర్ బాడీకి తగిలిందా, నిప్పులే. లైట్లను బంపర్‌లో హెడ్‌లైట్ల కన్నా కిందికి బిగించండి. రిలేను బ్యాటరీ దగ్గర, పిన్నులు కిందికి చూసేలా పెట్టండి. పైకి చూస్తే నీళ్లు నిలుస్తాయి.

రిలే మీద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు, 87కి లైట్లకు పోయే వైరు, 86కి స్విచ్చి నుంచి వచ్చే సన్న వైరు, 85కి ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి పోయే దారి. షాపువాడు ఐదు పిన్నులది ఇస్తే మధ్యలో ఉండే 87ఎ వదిలేయండి. దానికి కలిపితే స్విచ్చి ఆపినప్పుడు లైట్లు వెలుగుతాయి. రెండు లైట్లూ కలిపి 40 వాట్లు, అంటే మూడు నాలుగు ఆంపియర్లు. ఫ్యూజు 7.5 చాలు. హాలోజన్ జతకు 15. ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి. ఫ్యూజును రిలే పక్కన పెడితే, బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు దాన్ని ఆపేవాడు ఉండడు.

స్విచ్చి కరెంటు క్యాబిన్ ఫ్యూజ్ బాక్సులో పార్కింగ్ లైటు ఫ్యూజు దగ్గర ఫ్యూజ్ ట్యాప్ పెట్టి తీసుకోండి. హెడ్‌లైటు వైరు కోసి కలపడం ఈ కాలపు బండ్లలో కుదరదు. వాటి లైట్లను కంప్యూటరు కనిపెట్టుకుని ఉంటుంది, కొత్త లోడు కనబడితే డాష్‌బోర్డు మీద తప్పు చూపిస్తుంది. వారంటీ గొడవ అదనం. వైరును క్యాబిన్‌లోకి తెచ్చేటప్పుడు ఇప్పటికే ఉన్న రబ్బరు గ్రోమెట్ గుండానే తీయండి, బయట వైపు కాస్త కిందికి వంపు ఇవ్వండి. వాన నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది.

ఎర్త్

ఇక్కడ తొందర వద్దు. లైటు వెలగలేదంటే ‘ల్యాంపు పోయింది, కొత్తది వేయండి’ అంటారు. తీరా చూస్తే ల్యాంపు శుభ్రంగా ఉంటుంది, పోయేది ఎర్త్. విశాఖ బీచ్ రోడ్డు వైపు ఏడాది పాటు ఆరుబయట నిలబడిన ఏ బండి బోనెట్ అయినా ఎత్తి చూడండి. బోల్టుల తలల మీద ఎర్రటి పొడి, లగ్గు అంచున ఆకుపచ్చ పూత. ఉప్పుగాలి పని అది. హైదరాబాదులో ఐదేళ్లు ఆగే ఎర్త్ ఇక్కడ రెండు వానాకాలాలు దాటదు.

మొదటి తప్పు చోటు ఎంచుకోవడంలో. బోనెట్‌కు ఇవ్వకండి, దాని కరెంటంతా కీలు గుండా తిరిగి రావాలి. ఇనుప బంపర్‌కూ ఇవ్వకండి. పౌడర్ కోటింగు కరెంటును రానివ్వదు, బోల్టు గీతల దగ్గర ఎంత ఆనితే అంతే దారి. నేరుగా బ్యాటరీ నెగెటివ్ బిళ్లకు బిగించడం మరో అలవాటు. స్టార్ట్-స్టాప్ (బండి ఆగితే ఇంజను తానే ఆగి, మళ్లీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు) ఉన్న బండ్లలో ఆ బిళ్ల మీదే కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది. దాన్ని దాటేసి కలిపితే లెక్క తప్పి బ్యాటరీ ఛార్జింగు తీరే చెడుతుంది. కంపెనీవాళ్లే బాడీకి ఎర్త్ ఇచ్చిన బోల్టు బ్యాటరీ దగ్గర్లో ఉంటుంది, నల్ల వైర్లను బట్టి వెతకండి. దాని పక్క బోల్టు తీసుకోండి.

బోల్టు విప్పి, దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర రంగును ఎమరీ పేపరుతో గీకండి. మసక తెలుపు కాదు, ఇనుము మెరవాలి. బూడిద రంగు కనబడి ఆగిపోతారు, అది ఇంకా ప్రైమరే. లగ్గు నేరుగా ఇనుముకు ఆనాలి, దాని మీద పళ్లున్న స్టార్ వాషర్, ఆపైన బోల్టు. గట్టిగా బిగించాకే జెల్లీ పూయండి. లగ్గంతా మునిగేలా, గీకిన అంచు దాటేలా పూయాలి. గీకి వదిలేసిన ఇనుము మొదటి వానకే తుప్పు పడుతుంది.

లగ్గును వైరుకు క్రింపింగ్ ప్లేయరుతో నొక్కండి. కటింగ్ ప్లేయరుతో చదునుగా చేసి టేపు చుట్టేది క్రింపింగ్ కాదు. నొక్కాక బలంగా లాగి చూడండి, ఊడి వస్తే ఇప్పుడే రావాలి. పైన హీట్ ష్రింక్ వేయండి. టేపు మన ఎండకు జిగురు కారి విడిపోతుంది. సోల్డరింగ్ ఇంకా మేలంటారు కొందరు, కానీ సోల్డరు పట్టిన మేర వైరు గట్టిపడి, అది ఆగిన చోట అదురుకు తెగుతుంది. రాళ్ల దారిలో అదురుకు కొదవేముంది?

ఇప్పుడు పరీక్ష. మీటరులో ‘బీప్’ వచ్చిందని సంబరపడకండి, ఒక్క పోగు ఆనినా బీప్ వస్తుంది. బ్యాటరీ నెగెటివ్ తిరిగి పెట్టి, ఇంజను స్టార్ట్ చేసి, లైట్లు వేయండి. మీటరును 20 డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర ముల్లు ల్యాంపు నల్ల వైరు కనెక్షను దగ్గర, నల్ల ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద ఉంచండి. 0.1 లోపు చూపిస్తే బాగుంది. 0.2 దాటితే విప్పి మళ్లీ చేయాలి. 0.6 వచ్చిందనుకోండి, దారిని ముక్కలు చేసి కొలవండి: లగ్గుకూ బాడీకీ మధ్య, బాడీకీ బ్యాటరీకీ మధ్య. అంకె ఎక్కడ పెద్దదో తప్పు అక్కడే. హాలోజన్‌లో ఇది మరీ ముఖ్యం. వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది.

పావుగంట వెలిగించి ఉంచి ఫ్యూజ్ హోల్డరు, లగ్గులు చేత్తో పట్టి చూడండి. వేడెక్కినది ఏదైనా ఉంటే క్రింపు సరిగా పడలేదన్నమాట.

గురి

చదునైన నేల మీద గోడకు 25 అడుగుల దూరంలో బండి ఆపండి. ల్యాంపు మధ్య ఎత్తును గోడ మీద సుద్దతో గీసి, దానికి 4 అంగుళాల దిగువన వెలుగు పై అంచు ఉండేలా తిప్పి బిగించండి. డిక్కీలో సామాను వేసుకుని వెళ్లేవాళ్లు ఆ బరువుతోనే ఈ పని చేయాలి, వెనక కుంగితే ముందు వెలుగు పైకి లేస్తుంది. మంచు లేనిచోట ఆపేయండి, ఘాట్‌లో ఎదురొచ్చే బస్సు డ్రైవరుకూ దారి కనబడాలి కదా. భీమిలి వైపు ఇసుకలో తిరిగొచ్చిన రోజున బండి కింద మంచినీళ్లతో కడగండి. వానలు వెళ్లాక అక్టోబరులో ఒకసారి ఎర్త్ బోల్టు విప్పి, తుడిచి, మళ్లీ జెల్లీ పూయండి.