తాతల పేర్లు వెతుకుతున్నారా? ముందు జిల్లా, తర్వాత ఫసలీ

అచ్చయిన జనాభా లెక్కల్లో తాతల పేర్లుండవు, ఊళ్లవారీగా అంకెలే. పేర్లు కావాలంటే పాత దస్తావేజులు, సెటిల్‌మెంట్ రిజిస్టర్లు (భూమి కొలిచి శిస్తు కట్టిన లెక్కలు), క్రైస్తవులైతే చర్చి బాప్తిస్మపు పుస్తకాలు తిరగేయాలి. చాలామంది తప్పు జిల్లాలో వెతుకుతారు. ఒంగోలు 1904 దాకా నెల్లూరు, ఆపైన గుంటూరు, 1970లో కొత్త జిల్లా (తర్వాత ప్రకాశం). కందుకూరు, కనిగిరి 1970 దాకా నెల్లూరే, మార్కాపురం కర్నూలు. కాగితంలో ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల ఏడాది) 1310 అని ఉంటే 590 కలపండి: 1900 జూలైలో మొదలైన ఏడాది.

సమాధిరాయి మీద ‘ప్రభవ’ అని మాత్రమే ఉంటే 1867 కావచ్చు, 1927 కావచ్చు, పక్కరాళ్లూ చూడండి. సున్నం పూసి అక్షరాలు పూడిపోయాయని ఇనుప బ్రష్షు పెట్టారో, సున్నంతోపాటు అక్షరమూ రాలిపోతుంది. చీకటిపడ్డాక టార్చిని రాతి అంచుకు ఆనించి పక్కనుంచి వేయండి, గాట్లలో నీడ పడి పేరు తేలుతుంది. అప్పుడే ఫోటో తీసుకోండి.