అనంతపురం నుంచి అండమాన్‌కు: తక్కువ ఖర్చులో స్కూబా డైవింగ్ యాత్ర ఎలా చేయాలి?

మన జిల్లాకు సముద్రం లేదు. వాన కూడా అంతంత మాత్రమే. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే ‘ఈసారి పర్వాలేదు’ అనుకునే ఊర్లు మనవి. అయినా అనంతపురం బస్టాండులో బెంగళూరు బస్సెక్కిన మనిషి అదే వారంలో అండమాన్ పగడపు దిబ్బల మీద తేలుతూ, కింద మేస్తున్న తాబేలును చూడొచ్చు. పెద్ద డబ్బున్నవాళ్లే చేయాల్సిన పని కాదిది. భుజాన ఒక సంచి, ఓ వారం పది రోజుల సెలవు, కాస్త ముందుచూపు ఉంటే చాలు. ఎక్కువమంది టికెట్ల దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే ఈత దగ్గర మొదలుపెట్టాలి.

ముందు ఈత సంగతి చూసుకోండి

స్కూబా అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని, అందులోంచి గాలి పీలుస్తూ నీళ్ల కింద ఈదడం. ‘ఈత రాకపోయినా స్కూబా చేయొచ్చు’ అని డైవింగ్ సెంటర్లవాళ్లు బోర్డులు పెడతారు. అది అబద్ధం కాదు. ఒక్కసారి దిగి చూసే ట్రయల్ డైవ్‌లో శిక్షకుడు మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, 12 మీటర్లకు మించి తీసుకుపోడు, అరగంట ముప్పావుగంటలో పైకి తెచ్చేస్తాడు. అయితే అంత దూరం పోయి, అన్ని టికెట్లు కొని, అరగంటతో తిరిగి రావడం నాకైతే గిట్టుబాటుగా అనిపించదు. ‘ఓపెన్ వాటర్’ కోర్సు చేస్తే 18 మీటర్ల దాకా దిగడానికి అర్హత కార్డు వస్తుంది. ఆ కార్డు ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది. పదేళ్లు నిండిన పిల్లలు కూడా చేయొచ్చు. ఈ కోర్సుకు మాత్రం ఈత కావాలి. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, ఏ ఆసరా లేకుండా 10 నిమిషాలు నీళ్ల మీద తేలాలి. టైము లెక్కేం లేదు, ఏ రకం ఈతైనా ఒప్పుకుంటారు. చిన్నప్పుడు నడుముకు బెండో, ఎండిన సొరకాయ బుర్రో కట్టుకుని బావిలో నేర్చుకున్న ఈత నిక్షేపంగా సరిపోతుంది.

ఇప్పుడు మన బావులు చాలామటుకు ఎండిపోయాయి, బోర్లొచ్చాయి. ఈత రానివాళ్లు ఊర్లో ఉన్న స్విమ్మింగ్ పూల్‌లో రెండు నెలల ముందే చేరిపోండి. అంతకంటే తక్కువ టైము పెట్టుకుంటే 200 మీటర్లు కష్టం.

బావి ఈతగాళ్లు మానుకోవాల్సిన అలవాటు

బావిలో ఈదినవాళ్లకు ఒక పందెం గుర్తుండే ఉంటుంది: గట్టు మీది నుంచి దూకి, ఊపిరి బిగబట్టి అడుగుకు పోయి, పిడికెడు మట్టి పైకి తెచ్చి చూపించాలి. అలా పెరిగినవాళ్లకు లోతంటే భయం ఉండదు. అది సముద్రంలో బాగా పనికొస్తుంది. కానీ ఊపిరి బిగబట్టడమనే అలవాటు మాత్రం స్కూబాలో ప్రాణం మీదికి తెస్తుంది.

కారణం అర్థమైతే ఇది ఎప్పటికీ మర్చిపోరు. నీళ్లలో దిగే ప్రతి 10 మీటర్లకు, నేల మీద గాలి ఒత్తిడి ఎంతో అంత ఒత్తిడి అదనంగా పెరుగుతుంది. బావిలోకి దూకేటప్పుడు పైనున్న గాలినే రొమ్ములో నింపుకుపోతాం. దిగేకొద్దీ అది కుంచించుకుపోతుంది, పైకొస్తే మళ్లీ మొదటి కొలతకు వస్తుంది. అంతే, ప్రమాదం లేదు. స్కూబాలో అలా కాదు. 10 మీటర్ల లోతులో సిలిండర్ నుంచి పీల్చే గాలి అక్కడి ఒత్తిడికి తగ్గట్టే, పైనున్న దానికి రెట్టింపు ఒత్తిడితో వస్తుంది. దాన్ని బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు అంత సాగవు, చిరుగుతాయి. అందుకే స్కూబాలో మొట్టమొదటి నియమం: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. నిదానంగా పీలుస్తూ, నిదానంగా వదులుతూ ఉండాలి. కంగారు పుట్టినా, చేప కనబడి ఒళ్లు జలదరించినా అంతే.

దీన్ని ఇంట్లోనే సాధన చేయొచ్చు. ముక్కు మూసుకుని నోటితో పీల్చి, నోటితోనే మెల్లగా వదలండి. రోజూ పది నిమిషాలు టీవీ చూస్తూ చేసినా చాలు. నీళ్లలో ముక్కు మాస్కు (కళ్లనూ ముక్కునూ కప్పే అద్దం) లోపల ఉంటుంది కాబట్టి అక్కడ అంతా నోటితోనే.

ఇంకో అపోహ. వీపున ఉండేది ‘ఆక్సిజన్ సిలిండర్’ అని అందరూ అంటారు. మామూలు డైవ్‌లో అందులో ఉండేది మనం పీల్చే ఈ గాలే, నొక్కి పెట్టి నింపుతారు. నిండు సిలిండర్‌లో సుమారు 200 బార్ ఒత్తిడి, అంటే నేల మీది గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు ఉంటుంది. ఒత్తిడి చూపే మీటరు 50 బార్‌కు దిగేలోపు పైకి వచ్చేయాలని చెప్తారు. కంగారుగా గబగబా పీల్చేవాళ్లకు గాలి తొందరగా అయిపోతుంది.

చెవుల సంగతి కూడా బావి నేర్పిందే. అడుగుకు పోయేటప్పుడు చెవుల్లో పోటు పుట్టేది గుర్తుందా? అదే ఒత్తిడి. సముద్రంలో పోటు వచ్చేదాకా ఆగకూడదు. దిగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచే మాస్కు మీది నుంచి ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాలి, చెవులు ‘టప్’మని తెరుచుకుంటాయి. మీటరుకోసారి అలా చేస్తూ దిగాలి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. బలవంతంగా ఊదితే కర్ణభేరి దెబ్బతింటుంది. జలుబు, ముక్కు దిబ్బడ ఉన్న రోజు అసలు దిగొద్దు, డబ్బు కట్టేసినా సరే.

ఇక సీమ మీసం. మాస్కు అంచు ముఖానికి అతుక్కుని ఉండాలి. మీసం దట్టంగా ఉంటే ఆ వెంట్రుకల సందుల్లోంచి నీళ్లు ఊరుతుంటాయి. మీసం తీసేయమని నేను చెప్పను, అంత ధైర్యం నాకు లేదు. ముక్కు కింద మాస్కు అంచు ఆనే చోట ఒక సన్నటి చార మాత్రం గీయించుకుంటే సరిపోతుంది. మాస్కులో ఎంతో కొంత నీరు రావడం మామూలే. తల కొంచెం ఎత్తి, మాస్కు పై అంచును నుదుటికి నొక్కి పట్టి ముక్కుతో ఊదితే అది కిందినుంచి బయటకు పోతుంది. కోర్సులో ఇది పదేపదే చేయిస్తారు.

వైద్య ఫారం నిజాయితీగా నింపండి

డైవ్‌కు ముందు సెంటర్‌వాళ్లు మీ ఆరోగ్యం గురించి అడిగే ఫారం ఒకటి ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టరు సంతకం కావాలి. అది బయలుదేరే ముందే ఇక్కడే చేయించుకోండి, ద్వీపంలో తిరగడం కష్టం. గర్భిణులు డైవ్ చేయకూడదు. అసలు ఫారమే ఇవ్వని సెంటర్ అయితే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి. సెంటర్‌ను ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి: ఒక శిక్షకుడి కింద ఎంతమంది? పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందా? తెలుగో, హిందీయో వచ్చిన శిక్షకుడు ఉన్నాడా? 2011 జనాభా లెక్కల్లో అండమాన్, నికోబార్ దీవుల జనంలో పదోవంతు కంటే ఎక్కువమంది తెలుగు మాట్లాడేవాళ్లే, కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు బాగుంటాయి. మే చివరి నుంచి నైరుతి వానలు, గాలి. డైవ్‌లు రద్దవుతుంటాయి, ఫెర్రీలూ ఆగిపోతాయి. చలికాలం సెలవుల్లో రేట్లు మండిపోతాయి కాబట్టి సంక్రాంతి తర్వాత పెట్టుకోవడం మేలు.

అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎయిర్‌పోర్టే దారి. అది బెంగళూరుకు ఉత్తరాన, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన దేవనహళ్ళి దగ్గర ఉంది. బెంగళూరు సిటీలోకి పోనక్కర్లేదు. ఎయిర్‌పోర్టు మలుపు దగ్గర దించమని డ్రైవరుకు బస్సెక్కేటప్పుడే చెప్పండి. కర్నూలు వాళ్లకు ఇదే వెసులుబాటు హైదరాబాదు వైపు ఉంది: శంషాబాద్ ఎయిర్‌పోర్టు సిటీ కంటే ముందే వస్తుంది. కడప వాళ్లు రేణిగుంట మీదుగా పోయే చెన్నై రైలెక్కి అక్కడినుంచి ఎగరొచ్చు. దిగేది శ్రీ విజయపురంలో. 2024 దాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్, చాలామంది ఇప్పటికీ అలాగే అంటారు.

తీరిక ఉన్నవాళ్లకు చెన్నై నుంచి ఓడ ఉంది. సుమారు 1,200 కిలోమీటర్లు, రెండున్నర మూడు రోజుల ప్రయాణం. అన్నిటికంటే చవక బంక్ క్లాసు: పెద్ద హాల్లో వరసగా పడకలు. తేదీలు చాలా ముందుగా తెలియవు, వాతావరణాన్ని బట్టి మారుతుంటాయి, కాబట్టి వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకుంటే సెలవు లెక్క తప్పదు. ఓడలో తిండి నోటికి రుచించదేమోనని అనుమానం ఉంటే ఒక డబ్బాలో చెనిక్కాయల పొడి, ఒక సంచిలో ఎండబెట్టిన జొన్న రొట్టెలు పెట్టుకోండి. మూడు రోజులైనా చెడవు.

కడుపులో తిప్పడం మొదలైతే కింద పడకలో ముడుచుకుని పడుకోకండి. పై డెక్కు మీదికి పోయి, ఆకాశం సముద్రం కలిసే గీత మీద చూపు పెట్టండి. ఫోన్ చూడొద్దు. వాంతుల మాత్ర తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ, బయలుదేరే ముందే వేసుకోవాలి. ఆ మాత్రలు మత్తు కలిగిస్తాయి, కాబట్టి డైవ్ రోజున వేసుకోవాలంటే డాక్టరును అడగాలి.

ద్వీపం నుంచి ద్వీపానికి

డైవింగ్‌కు ముఖ్యమైనది స్వరాజ్ ద్వీప్. 2018 దాకా హేవ్‌లాక్. శ్రీ విజయపురం నుంచి ఫెర్రీలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. ప్రభుత్వ ఫెర్రీ చవక, టికెట్లు తొందరగా అయిపోతాయి. ప్రైవేటు ఫెర్రీ అంటే ఏసీ, ఎక్కువ రేటు. ఆధార్ ఒరిజినల్ దగ్గర ఉంచుకోండి. ఏటీఎంలు తక్కువ, ఫోన్ చెల్లింపులు సిగ్నల్‌ను నమ్ముకున్నవి, కాబట్టి చేతిలో కొంత నగదు ఉండాలి. ట్రయల్ డైవ్ సుమారు 3,500 నుంచి 6,000 రూపాయలు, ఓపెన్ వాటర్ కోర్సు 25,000 పైమాటే. పాఠాల భాగాన్ని ఇంట్లోనే ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకుని వెళ్తే ద్వీపంలో మూడు నాలుగు రోజుల్లో కోర్సు అయిపోతుంది.

తెరచాప పడవల మోజు ఉన్నవాళ్లకు ఒక మాట. అండమాన్‌లో తెరచాప నౌకలు అద్దెకు దొరకడం తక్కువ, దొరికినా మన సంచి యాత్రికుల బడ్జెట్ కాదు. తెరచాప నడపడం నేర్చుకోవాలంటే హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో క్లబ్బులు ఉన్నాయి. గాలికి ఎదురుగా నేరుగా పోలేమని, ఏటవాలుగా అటోసారి ఇటోసారి మళ్లిస్తూ ముందుకు తీసుకుపోవాలని అక్కడ చేతికి తెలుస్తుంది. ఆ విద్యను అండమాన్ యాత్రతో ముడిపెట్టకుండా వేరే సెలవుల్లో పెట్టుకోండి.

నీళ్లలో

బొటనవేలు పైకెత్తితే మన ఊర్లో ‘సూపర్’ అని. నీళ్ల కింద దాని అర్థం ‘పైకి పోదాం’. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఏదో తేడాగా ఉంటే అరచేయి పరిచి అటూ ఇటూ ఊపి, తేడా ఎక్కడో అక్కడ వేలు పెట్టి చూపించాలి.

లోతుకు పోయేకొద్దీ ముందుగా మాయమయ్యేది ఎరుపు రంగు. చేతికి చిన్న గీత పడి రక్తం వస్తే అది ఆకుపచ్చగా, నల్లగా కనిపిస్తుంది, భయపడొద్దు. వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దవిగా కనిపిస్తాయి. కాబట్టి ‘ఇంత పెద్ద చేప’ అని ఇంటికొచ్చి చేతులు చాచేటప్పుడు కొంచెం తగ్గించి చాచండి.

పగడాన్ని తాకకూడదు, కాళ్ల రెక్కలతో తన్నకూడదు. అది రాయిలా కనిపిస్తుంది గానీ ప్రాణి, విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. చచ్చిన ముక్క ఒడ్డున దొరికినా సంచిలో వేసుకోవద్దు: పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో పట్టుబడతారు.

పైకి వచ్చేటప్పుడు తొందర పనికిరాదు. మీరు వదిలిన చిన్న బుడగల కంటే వేగంగా పైకి పోకూడదు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఒత్తిడిలో రక్తంలోకి కరిగిన నైట్రోజన్ నిదానంగా బయటికి పోవడానికే ఇదంతా.

ఆఖరి రోజు లెక్క

విమానంలో గాలి ఒత్తిడి నేల మీద కంటే తక్కువ. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరసగా రోజులు డైవ్ చేసినవాళ్లు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా ఒక రోజు మొత్తం ఖాళీ వదలండి. ముందురోజే శ్రీ విజయపురానికి వచ్చేసి సెల్యులార్ జైలు చూడండి. 1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు భవన వరసలుండేవి, ఇప్పుడు మిగిలినవి మూడే.

కార్డు చేతికొచ్చాక మళ్లీ అండమాన్ దాకా పోనక్కర్లేదు. కర్ణాటకలో మురుడేశ్వర్ తీరానికి పడవలో కొద్ది దూరంలో నేత్రాణి అనే ద్వీపం ఉంది. అనంతపురం నుంచి బళ్ళారి, హుబ్బళ్ళి మీదుగా రాత్రి ప్రయాణంతో చేరొచ్చు. వానాకాలం తప్ప మిగతా నెలల్లో డైవ్‌లు నడుస్తాయి. కార్డు వచ్చి చాలా కాలమై, మధ్యలో నీళ్లలో దిగకపోతే మాత్రం ముందు పూల్‌లో ఒక పూట రిఫ్రెషర్ చేసి, మాస్కులో నీళ్లు తీయడం, చెవులు తెరవడం మళ్లీ చేయించుకున్నాకే పడవెక్కండి.