ఉపగ్రహాలకు ఆయుర్దాయపు పట్టిక వేయడం

2025 జనవరి 29 తెల్లవారుజామున తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ ఎక్కి శ్రీహరికోట వైపు చూస్తూ నిలబడ్డాం. తూర్పున నిప్పుచుక్కలా జీఎస్ఎల్వీ లేచింది. అందులో ఉన్నది ఎన్‌వీఎస్-02, మన నావిక్ దిక్సూచి ఉపగ్రహం. దుప్పటి కప్పుకుని నా పక్కనే ఉన్న మేనల్లుడు, "ఇది ఎన్నాళ్లు బతుకుతుంది మామయ్యా?" అన్నాడు. ముప్పై ఏళ్లు చంద్రగిరి, పాకాల ఊళ్లు తిరిగి జీవిత బీమా పాలసీలు కట్టించినవాణ్ణి నేను. ఆ రోజే ఉపగ్రహాలకు ఆయుర్దాయపు పట్టిక వేద్దామని ఒక పాత లెడ్జరు తీసి గీతలు కొట్టాను.

ముందు ఒక భ్రమ వదిలించుకోండి. ఈ దిక్సూచి ఉపగ్రహాలు కిందికి పడిపోవు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, నావిక్‌వి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వాటిని వెనక్కి లాగేంత గాలి అక్కడ లేదు. గడియారాలు, బ్యాటరీలు, సౌరఫలకాలు, ఇంధనం, వీటిలో ఏదో ఒకటి ముందుగా చేతులెత్తేస్తుంది.

తయారీదారులు చెప్పే ఆయుష్షును గ్యారంటీ కార్డులాగే చూడాలి. ఏడున్నరేళ్లకని కట్టిన ఐఐఆర్ రకం జీపీఎస్ ఉపగ్రహాల్లో 1997 జులైలో వెళ్లినది 25 ఏళ్లు దాటి పనిచేసింది. పదేళ్లకని 2013 జులై 1న పంపిన మన నావిక్ తొలి ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏలోనేమో దారి లెక్కకు కావలసిన కచ్చితమైన సమయం చెప్పే మూడు రుబీడియం అణు గడియారాలూ మూడేళ్ల పైచిలుకులోనే ఆగిపోయాయి.

లెడ్జరులో మొదటి గడి పుట్టిన తేదీ. రాకెట్ లేచిన రోజు కాదు, ఉపగ్రహం వాడుకలోకి వచ్చిన రోజు రాయండి. జీపీఎస్‌కైతే అమెరికా తీరరక్షక దళపు నావిగేషన్ కేంద్రం నోటీసుల్లో వాడుకలోకి తెచ్చిన తేదీ, తప్పించిన తేదీ రెండూ ఉంటాయి. రెండో గడి మరణం. ఇక్కడే చాలామంది తడబడతారు. ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ గడియారాలు పోయాక కూడా సందేశాలు పంపడానికి పనికొచ్చింది. అది బతికున్నట్టా, పోయినట్టా? దారి చూపలేని రోజునే మరణం అని నేను రాసుకున్నాను. మీరు వేరే నియమం పెట్టుకోవచ్చు, కానీ మధ్యలో మార్చకండి.

పురిటి మరణాలకు వేరే పేజీ పెట్టాను. 2017 ఆగస్టు 31న ఐఆర్ఎన్ఎస్ఎస్-1హెచ్ ఉష్ణకవచం ఊడక అందులోనే చిక్కుకుపోయింది. ఆ తెల్లవారుజామున మేం చూసిన ఎన్‌వీఎస్-02 కూడా ఆ పేజీలోకే చేరింది. కవాటాలు తెరుచుకోక దాని కక్ష్యను పెంచలేకపోయారు. వీటిని అరిగిపోయి ఆగినవాటితో కలిపితే పట్టిక మొత్తం చెడుతుంది.

ఇక అసలు లెక్క. పది ఉపగ్రహాలు ఉన్నాయనుకుందాం. నాలుగో ఏట ఒకటి పోయింది: మిగిలింది పదిలో తొమ్మిది, అంటే 0.9. రెండింటికి ఇప్పటికి ఆరేళ్లే, రెండూ బతికే ఉన్నాయి. ఆరో ఏటి వరకు వాటిని లెక్కలో ఉంచి, ఆ తర్వాత తీసేయాలి. మిగిలినవి ఏడు. తొమ్మిదో ఏట ఇంకొకటి పోయింది: ఏడులో ఆరు, అంటే 0.857. రెండూ గుణిస్తే 0.77. తొమ్మిదేళ్లు దాటే అవకాశం నూటికి 77. పోయిన రెండింటి సగటే తీస్తే ఆయుష్షు ఆరున్నరేళ్లని వస్తుంది. క్లెయిములు వచ్చిన ఇళ్లను మాత్రమే చూసి ఊరందరి ఆయుష్షు చెప్పినట్టుంటుంది అది.

మేనల్లుడు ఇంజనీరింగ్ కుర్రాడు. "ఒక గడియారం పోయే అవకాశం నూటికి పది. మూడూ పోవాలంటే వెయ్యికి ఒకటే కదా!" అన్నాడు. మూడూ ఒకే నమూనావి అయినప్పుడు ఆ గుణకారం చెల్లదు. భార్యాభర్తలకు రెండు పాలసీలు ఇచ్చి, ఇద్దరూ ఒకే మోటారు సైకిలు మీద ఘాటు రోడ్డు ఎక్కుతారన్న సంగతి మరిచిపోయినట్టే. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబీడియం గడియారం పెట్టారు. అందుకే దానికి కొత్త పేజీ తెరిచాను, పాతవాటి లెక్కను దానికి అంటగట్టలేదు.

ముసలి ఉపగ్రహానికి పట్టికను మొదటి నుంచి చదవకూడదు. పదేళ్లు దాటేవి నూటికి 75, పదిహేనేళ్లు దాటేవి 45 అని తేలిందనుకోండి. ఇప్పటికే పదేళ్లు నిండినదానికి పదిహేను దాటే అవకాశం 45ను 75తో భాగిస్తే వచ్చే 60. అరవై ఏళ్ల మనిషికి పుట్టిన బిడ్డ ఆయుర్దాయం చూసి ప్రీమియం కట్టం కదా.

తప్పించిన తేదీ వెనుక కారణం కూడా ఒక గడిలో రాయండి. 1990 నవంబరులో వెళ్లిన జీపీఎస్ ఉపగ్రహం ఎస్‌వీఎన్-23ను 2016 జనవరిలో తప్పించారు. పాతికేళ్లు పనిచేసిన ఆ ఉపగ్రహం గడిలో నేను "విరమణ" అని రాశాను. ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ గడిలో "గడియారాలు" అని ఉంది. ఎన్‌వీఎస్-01 గడి ఇంకా ఖాళీ.