సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కు వచ్చిన వాలంటీర్లు నిలవడం లేదా? సమస్యలు, పరిష్కారాలు

సమస్య: పిలవగానే చాలామంది చేరారు. రెండు వారాలు తిరిగేసరికి ఒక్కరూ కనిపించడం లేదు.

కారణం: "బీటా (విడుదలకు ముందు వెర్షన్) వేసుకుని చూడండి, తేడా ఉంటే చెప్పండి" అన్నామే గానీ ఏం చూడాలో చెప్పలేదు. నాలుగు మెనూలు నొక్కి, బాగానే ఉందనుకుని మూసేస్తారు. ఇంతకంటే పెద్ద కారణం, కష్టపడి రాసిన మొదటి రిపోర్టుకు ఎవరూ పలకకపోవడం. నేను చూసినంతలో వాలంటీర్లు పని ఎక్కువై మానేయరు, జవాబు రాక మానేస్తారు.

పరిష్కారం: పనిని అరగంటలో అయ్యే ముక్కలు చేయండి. "ఎక్స్‌పోర్ట్ టెస్ట్ చేయండి" అంటే ఎవరికీ మొదలుపెట్టబుద్ధి కాదు. "పది పేజీల ఫైల్ తెరిచి, 3 నుంచి 5 వరకే పీడీఎఫ్ చేసి, పేజీ నంబర్లు సరిగ్గా వచ్చాయో చూడండి" అంటే వెంటనే కూర్చుంటారు. ఫెడోరా అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ టెస్ట్ డేలు ఇలాగే నడుస్తాయి: ఒక అంశం, ముందే రాసిపెట్టిన టెస్ట్ కేసులు, సందేహాలు తీర్చడానికి చాట్‌లో డెవలపర్లు. టెస్ట్ పాసైనా నమోదు చేయమనండి. బగ్ దొరకనివాళ్లు తమ శ్రమ వృథా అనుకుంటారు. ఫలానా మెషీన్‌లో ఇది పనిచేసిందని తెలియడం కూడా మనకు కావలసిందే.

కొత్తవాళ్ల మొదటి రిపోర్టుకు రెండు రోజుల్లో జవాబు వెళ్లాలి. అందుకు వంతులవారీగా ఒకరిని పెట్టండి.

సమస్య: రిపోర్టులు వస్తున్నాయి, డెవలపర్లు ముట్టుకోవడం లేదు.

కారణం: "సేవ్ చేస్తే బొమ్మ పోతోంది" అంటే ఎక్కడ వెతకాలి? అదే ఇలా ఉంటే: "కొత్త ఫైల్‌లో బొమ్మ పెట్టి సేవ్ చేశాను. పేరు మార్చి ఇంకోసారి సేవ్ చేశాను. మూసి తెరిస్తే బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ చట్రం ఉంది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఇంతే." దీనికి వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు తోడైతే డెవలపర్ తన మెషీన్‌లో వెంటనే చేసి చూసుకోగలరు.

పరిష్కారం: ఏం చేశారు, ఏం జరిగింది, ఎన్నిసార్లు వచ్చింది, ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అనే ప్రశ్నలు రిపోర్టు ఫారంలోనే పెట్టండి. తర్వాత ఇంకో వాలంటీరుతో సరిచూయించండి. ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రేఆఫీస్‌లో కొత్త బగ్ "అన్‌కన్ఫర్మ్‌డ్"గా మొదలై, తమ దగ్గరా అలాగే వస్తోందని వేరొకరు చెప్పాక "న్యూ" అవుతుంది. కోడ్ రాయడం రానివాళ్లు కూడా ఈ పని చక్కగా చేయగలరు.

సమస్య: "పాత వెర్షన్‌లో బాగుండేది" అంటున్నారు, ఎప్పుడు చెడిందో తెలియదు.

పరిష్కారం: గిట్ బైసెక్ట్. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, ఏ మార్పుతో చెడిందో వెతికిపెట్టే కమాండ్ ఇది. ప్రతిసారీ సగానికి సగం వదిలేస్తూ పోతుంది కాబట్టి 1000 కమిట్లు (నమోదైన మార్పులు) ఉన్నా దాదాపు 10 సార్లు పరీక్షిస్తే చాలు. ముందే బిల్డ్ చేసిన వెర్షన్లు అందుబాటులో ఉంచితే వాలంటీర్లకు కంపైల్ చేసే (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే) టెన్షన్ ఉండదు.

సమస్య: ఒకే బగ్ పదిమంది రాస్తున్నారు.

పరిష్కారం: డూప్లికేట్‌గా కలిపేయండి, విసుక్కోకండి. "ఇది ముందే వచ్చింది, మీ వివరాలు అక్కడ చేర్చాం" అని లింకుతో రాయండి.

సమస్య: సరిచేశామన్న బగ్ మళ్లీ వస్తోంది.

కారణం: మార్పు చేర్చగానే రిపోర్టు మూసేశారు, ఎవరూ మళ్లీ చూడలేదు.

పరిష్కారం: ఆ మార్పు ఉన్న డైలీ బిల్డ్ (రోజూ తయారయ్యే తాజా వెర్షన్) లింకు ఇచ్చి, మొదట రాసినవారినే చూడమనండి. వాళ్ల ఫైల్, వాళ్ల మెషీన్ వాళ్ల దగ్గరే ఉంటాయి. సరైందని వాళ్లు చెప్పాకే "వెరిఫైడ్" అని మార్చండి.