డెల్టాలో రెండోసారి సైస్మిక్ సర్వే: లేని మార్పులు కనిపిస్తే

ఒకే ప్రాంతంలో కొన్నేళ్ల ఎడంతో రెండుసార్లు పరావర్తన సర్వే (నేలలోకి పంపిన కంపనాలు లోపలి పొరలను తాకి తిరిగి రావడాన్ని నమోదు చేసే సైస్మిక్ సర్వే) చేసి, ఒకదానిలోంచి మరొకదాన్ని తీసివేస్తే, గ్యాస్ తోడిన ఇసుకరాతి పొర దగ్గరా దాని కిందా మాత్రమే తేడా మిగలాలి. గోదావరి డెల్టాలో అలా మిగలకపోవడానికి కారణం చాలాసార్లు కిలోమీటర్ల లోతులో కాక, కాళ్ల కింది నాలుగు గజాల మట్టిలోనే ఉంటుంది.

సమస్య: గ్యాస్ పొరకు పైన, ఎవరూ ముట్టని పొరల్లోనూ తేడా కనిపిస్తోంది.

మొదటి సర్వే కాలువలు కట్టేసిన మే నెలలోనూ, రెండోది దాళ్వా చేలు నీటితో నిండిన జనవరిలోనూ జరిగాయేమో ముందుగా చూడాలి. తరంగం సెకనుకు 500 మీటర్ల వేగంతో 3 మీటర్ల ఆరిన మట్టిని దాటడానికి 6 మిల్లీసెకన్లు పడితే, అదే మట్టి పూర్తిగా తడిసి వేగం 1500కు చేరినప్పుడు 2 మిల్లీసెకన్లే పడుతుంది. ఆ 4 మిల్లీసెకన్ల జరుగుడు ఒక్కటే, 30 హెర్ట్జ్ తరంగం మీద, రెండు సర్వేల వ్యత్యాసాన్ని కొలిచే ఎన్‌ఆర్‌ఎమ్‌ఎస్ విలువను 70 శాతం దాటిస్తుంది. రెండూ అచ్చంగా ఒకటే అయితే అది సున్నా కావాలి.

జరుగుడు అంతటా ఒకేలా ఉంటే సరిచేయడం తేలికే గాని, వరి చేను, కొబ్బరి తోట, చేపల చెరువు పక్కపక్కనే ఉండే కోనసీమలో అది, నేల కంపనాలను పట్టే పరికరమైన జియోఫోన్ జియోఫోన్‌కూ మారుతుంది. అందువల్ల పాత స్టాటిక్స్‌ను (పైమట్టి వల్ల వచ్చే ఆలస్యానికి చేసే కాల సవరణలను) కొత్త సర్వేకు వాడకుండా, ప్రతిసారీ తొలి రాకల (జియోఫోన్‌ను అన్నిటికన్నా ముందు చేరే తరంగాల) నుంచి, అప్‌హోల్ కొలతల (బోరు లోతుకూ నేల ఉపరితలానికీ మధ్య ప్రయాణకాలం కొలవడం) నుంచి విడిగా లెక్కించాలి. బావిలో నీటిమట్టం చూసి వేగాన్ని ఊహించడం నాకు సమ్మతం కాదు: కుళ్లిన ఆకులలములున్న బంకమట్టిలో గ్యాస్ బుడగలు చిక్కుకుంటే, నీటిమట్టానికి కింద కూడా వేగం 1500కు చేరకపోవచ్చు. ఆ తర్వాత గ్యాస్ పొరకు పైనున్న భాగాన్ని మాత్రమే ఆధారంగా తీసుకుని రెండు సర్వేలనూ సరిపోల్చాలి. ఆ పొరను కూడా చేర్చితే వెతుకుతున్న మార్పునే తుడిచేసినట్లవుతుంది. వీలుంటే రెండో సర్వేను మొదటిది చేసిన రుతువులోనే చేయడం, జియోఫోన్లను ఏడాది పొడవునా తడిసి ఉండే లోతులో పాతిపెట్టడం ఇంకా మేలు.

సమస్య: తేడా పటంలో కొన్ని చోట్ల చారలు పడుతున్నాయి.

పాత షాట్ హోల్ (తరంగం పుట్టించే పేలుడు, అంటే షాట్, కోసం తవ్విన బోరు) ఉన్న చేను ఇప్పుడు చెరువైపోతే, షాట్‌ను పక్కకు జరపక తప్పదు. షాట్, జియోఫోన్ స్థానాలు రెండూ కలిపి ఎక్కువగా జరిగిన ట్రేస్ (ఒక షాట్‌కు ఒక జియోఫోన్ నమోదు చేసిన సంకేతం) జతలను తీసివేయాలి. ఫోల్డ్ (ఒకే బిందువుకు కలిపే ట్రేస్‌ల సంఖ్య) తగ్గినా పోలిక మెరుగుపడుతుంది.

సమస్య: 50 హెర్ట్జ్ హోరు.

చెరువుల ఏరేటర్లు, కరెంటు తీగలు దీనికి కారణం. ఆ సైన్ తరంగాన్ని అంచనా వేసి తీసివేయడం, ఆ పౌనఃపున్యం చుట్టుపక్కల సంకేతాన్నంతా కోసేయడం కన్నా మంచిది.

సమస్య: మార్పు నిజమే, అర్థమే తేలడం లేదు.

ఇసుకరాతి రంధ్రాల్లో కొద్ది శాతం గ్యాస్ మిగిలినా వేగం బాగా తక్కువగానే ఉంటుంది కాబట్టి, పరావర్తన బలాన్ని మాత్రమే చూసి ఎంత గ్యాస్ మిగిలిందో చెప్పలేము. నీరు చేరడం వల్ల గాని, పీడనం తగ్గడం వల్ల గాని వేగం పెరగవచ్చు. బావుల పీడన కొలతలను ముందు పెట్టుకుని, రాతి రంధ్రాల్లోని ద్రవం మారితే వేగం ఎలా మారుతుందో చెప్పే గాస్‌మన్ సమీకరణంతో నీటి వల్ల రావలసిన మార్పును లెక్కించి, మిగిలిన దాన్ని పీడనానికి ఆపాదించవచ్చునేమో పరిశీలించాలి.