ఎండలు ముదరకముందే చేసుకోవాల్సిన పనులు: లెక్క, డాబా, నీళ్లు, మిద్దెతోట

వేసవి ఖర్చు కనిపించేది ఏప్రిల్ నుంచి. దాన్ని తగ్గించే పని మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే చేయాలి. ఏప్రిల్ వచ్చాక కూలర్ బాగుచేసేవాడు పిలిస్తే రాడు, మొక్కలకు నీడనిచ్చే గ్రీన్ నెట్‌కు అడిగిన రేటు ఇవ్వాల్సి వస్తుంది, విత్తనం వేస్తే మొలక మాడిపోతుంది. పనుల వరస కూడా ముఖ్యమే. డాబా పగుళ్లు పూడ్చాకే సున్నం, సున్నం ఆరాకే కుండీలు. కుండీలన్నీ సర్దాక డాబా కారుతోందని తెలిస్తే మళ్లీ ఒక్కొక్కటీ దించుకోవాల్సిందే.

ముందు కరెంటు బిల్లు తీయండి

పోయిన ఏడాది ఏప్రిల్, మే, జూన్ బిల్లులు వెతికి, డబ్బులు కాదు, యూనిట్లు చూడండి. తెలంగాణలో ఈ లెక్క తెలియక నష్టపోయేవాళ్లు చాలామంది. 2022-23లో వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80 రూపాయలు. అంటే 200 యూనిట్లకు 820. అదే 201 అయితే ఇల్లు ఇంకో వర్గంలోకి వెళ్తుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున 1,020, పైన ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు కలపకుండానే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు దాటింది. గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లకైతే 200 గీత ఇంకా ముఖ్యం. గీత దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి గెంతు లేదు. 2022 నుంచి ఎన్ని యూనిట్లు వాడినా కింది శ్లాబులు కింది రేటుకే పడతాయి. కాకపోతే 226వ యూనిట్ నుంచి 8.75, 400 దాటాక 9.75. అందుకని అక్కడ ఏసీకి పోయే ప్రతి యూనిట్‌నూ దాదాపు తొమ్మిది రూపాయలుగా లెక్కేసుకోవడమే మంచిది. రేట్లు మారుతుంటాయి కాబట్టి తాజా బిల్లుతో ఒకసారి పోల్చుకోండి.

మీటరు రీడింగ్ తీసే తేదీని క్యాలెండర్ మీద రాసి, సగం నెల కాగానే మీరే వెళ్లి మీటరు చూడండి. పదిహేను రోజులకే 110 దాటితే మిగతా పదిహేను రోజులు ఏం ఆపాలో అప్పుడే తేల్చుకోవచ్చు. బిల్లు వచ్చాక చేయగలిగేది ఏమీ ఉండదు.

ఆపడం కన్నా మార్చడం తేలిక. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. ఇంట్లో ఫ్యాన్లన్నీ మార్చనక్కర్లేదు. హాల్లో, పడకగదిలో ఎక్కువసేపు తిరిగేవి రెండు చాలు. అతిథుల గదిలో ఏడాదికి పది రోజులు తిరిగే ఫ్యాను మార్చడం దండగ. పాత ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే వైండింగ్ పోయిందని ఎవరైనా చెప్పినా ముందు కండెన్సర్ మార్చి చూడండి. చాలా ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది సరిపోతుంది, పాతదాని మీద అంకె చూసి అదే కొనండి. మెయిన్ ఆపాకే చెయ్యి పెట్టండి.

ఏప్రిల్‌లో ఇంకో లాభం ఉంది. ఆ ఏడాది ఇంటి పన్ను మొత్తం నెలాఖరులోగా కడితే జీహెచ్‌ఎంసీలోనూ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ 5 శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు. ఆ డబ్బు ఫిబ్రవరి నుంచే పక్కన పెట్టుకోకపోతే ఉగాది ఖర్చులో కలిసిపోతుంది. జూన్‌లో బడి ఫీజులు ఎలాగూ ఉన్నాయి. ఈ రెండింటికీ వేరే ఖాతా ఉంచుకోండి. ఇంటి ఖర్చు ఖాతాలోనే ఉంటే అది ఉన్నట్టు కాదు.

ఏడాది సామాను సంగతి: కొత్త చింతపండు, ఎండుమిర్చి, పసుపు ఈ నెలల్లోనే మార్కెట్‌కు వస్తాయి. చింతపండు గింజ, ఈనెలు తీసి, ఎండబెట్టి, కాస్త ఉప్పు చల్లి జాడీలో అదిమి పెడితే ఏడాది నిలుస్తుంది. నల్లబడితే పాడైనట్టు కాదు. మిర్చి పెళపెళలాడేలా ఎండాకే డబ్బాకెత్తాలి, లేకపోతే బూజు పడుతుంది. కందిపప్పు మాత్రం ఏడాదికి కొనకండి. పురుగు గుడ్లు గోదాములోనే పట్టి వస్తాయి, గాలిలో తేమ ఉండే కోస్తాలో మరీ త్వరగా పుచ్చుతుంది. మూడు నెలలకు సరిపడా తెచ్చి, రెండెండలు చూపించి, చల్లారాక ఎత్తిపెట్టుకుంటే చాలు. వేడిగా ఉండగానే మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది.

డాబా

నాలుగు బకెట్ల నీళ్లు డాబా మీద పోసి పావుగంట ఆగి చూడండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, గొట్టం నోరు ఎక్కడ పూడిందో తెలిసిపోతుంది. పగులు కనిపిస్తే ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము పూర్తిగా దులిపి, క్రాక్ ఫిల్లర్‌ను లోపలిదాకా కూరాలి. ఉత్త సిమెంటు పూస్తే డాబా ఎండకు సాగి రాత్రికి ముడుచుకునేటప్పుడు అది పక్కలు వదిలేస్తుంది. పిట్టగోడకూ డాబాకూ మధ్య మూల దగ్గరే ఎక్కువ కారుతుంది. కంటికి పగులు లేకపోయినా అక్కడ ఒక పూత వేయండి.

తర్వాత ఎండను వెనక్కి కొట్టే సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు చల్లని పైకప్పు తప్పనిసరి చేసింది. అందుకు వాడే కూల్ రూఫ్ పెయింట్లు మంచివే, ఖరీదైనవి కూడా. పాత ఇంటికి సున్నమే చవక. 5 కిలోల సున్నపు పొడిని 10 లీటర్ల నీళ్లలో ముందు రాత్రే కలిపి, పొద్దున వడగట్టి, అర కిలో తెల్ల ఫెవికాల్ కలపాలి. చిక్కని మజ్జిగలా ఉండాలి. జిగురు లేని సున్నం కాళ్లకు, బట్టలకు అంటుతూ నెలలోనే రాలిపోతుంది. డాబా ఊడ్చి, కడిగి, తడి ఆరకముందే సాయంత్రం పూట మొదటి కోటు, మర్నాడు సాయంత్రం రెండోది. మధ్యాహ్నం వేస్తే నీరు ముందే ఆవిరై పొట్టులా లేస్తుంది. ముక్క సున్నం కొంటే ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు పోయొద్దు, ఆ మరుగుకు బకెట్ కరుగుతుంది. కంటికి అద్దాలు, చేతికి గ్లౌజులు తప్పనిసరి.

దీనివల్ల లాభం పై అంతస్తు గదులకే. కింద అంతస్తులో అద్దెకున్నవాళ్లు ఈ ఖర్చు పడమటి కిటికీకి వెదురు తడకో, గోనె పరదానో కట్టుకోవడానికి పెట్టడం మేలు. అదీ కిటికీకి బయటివైపు కట్టాలి, లోపలి కర్టెన్ దాకా వచ్చిన వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసింది.

కూలర్, ట్యాంకు, కుళాయి

కూలర్ హైదరాబాద్‌లో, రాయలసీమలో పొడి గాలికి బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడల్లో తేమ గాలికి ఉక్కపోతను ఇంకా పెంచుతుంది, అక్కడ ఆ డబ్బు మంచి ఫ్యానుకు పెట్టండి. గడ్డి ప్యాడ్లు ఏటా మార్చాలి. బోరు నీళ్ల ఉప్పు పేరుకున్న తొట్టిలోని నీళ్ల పంపును నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో కాసేపు తిప్పితే తొట్టి, పైపులు శుభ్రపడతాయి. కూలర్ గాలి బయటికి పోవడానికి ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచకపోతే గంటలో గది చెమ్మగిల్లుతుంది. ఇనప బాడీ కూలర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తింగ్ లేకుండా వాడనే వాడొద్దు. నీళ్లు పోసేముందు ప్లగ్గు తీయండి. స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు.

ట్యాంకు అడుగు కడిగాక 10 లీటర్ల నీళ్లలో ఒక పెద్ద చెంచా బ్లీచింగ్ పౌడర్ కలిపి గోడలకు రుద్ది, అరగంట ఆగి, రెండుసార్లు కడిగి వదిలేయండి. ఆ నీళ్లు మొక్కలకు పోయకండి. బ్లీచింగ్‌తో పాటు యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. లోతైన సంపులోకి ఒక్కరే దిగొద్దు.

కారే కుళాయి కింద రాత్రి బకెట్ పెట్టి పొద్దున కొలవండి, రిపేరుకు బద్ధకించే ఇంట్లో కూడా ఆ బకెట్ చూశాక వాషర్ తెస్తారు. ఫ్లష్ ట్యాంకు లీకు కంటికి కనపడదు. అందులో కాస్త బీట్‌రూట్ రసం పోసి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు పోయినట్టే.

మిద్దెతోట

ఒక మాట ముందే. గ్రో బ్యాగులు, మట్టి, నెట్ అన్నీ కొని మొదలుపెడితే మొదటి ఏడాది కూరల ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. అందుకే ఆకుకూరలు, కరివేపాకు, పుదీనాతో మొదలుపెట్టండి. కట్ట కట్టకూ డబ్బు పోయేది వీటికే. 20 లీటర్ల పాత పెయింట్ బకెట్లు సబ్బుతో కడిగి, అడుగున వేలు దూరేంత బెజ్జాలు ఐదు పెడితే కుండీలు సిద్ధం. ఇటుకల మీద ఎత్తి పెట్టండి, కింద డాబా ఆరుతుంది. తడిసిన మట్టితో బకెట్ పాతిక కిలోల దాకా తూగుతుంది కాబట్టి పెద్ద డ్రమ్ములను డాబా నడిమధ్యన కాకుండా గోడలు, దూలాల మీదుగా పెట్టాలి.

మట్టి కలిపే కొలత: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటిన్నర, కొబ్బరి పొట్టు ఒకటి. బకెట్‌కు రెండు గుప్పెళ్ల వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి. కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టి, ఆ గోధుమరంగు నీళ్లు రెండుసార్లు పిండి పారబోయాకే వాడండి, అందులో ఉప్పు ఉంటుంది.

సొర, బీర, కాకర, దోస ఫిబ్రవరి మొదటి సగంలోనే పడాలి. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర మార్చి మధ్య దాకా వేయొచ్చు. టమాటా ఇప్పుడు నాటితే సరిగ్గా పూత సమయానికి ఎండ 35 డిగ్రీలు దాటి పూత రాలుతుంది, దాన్ని వానాకాలానికి వదిలేయండి. కొత్తిమీర వెంటనే పూతకొస్తుంది కాబట్టి నీడన తప్ప వేయొద్దు. బెండ గింజలు రాత్రి నానబెట్టి బకెట్‌కు రెండు మొక్కలు. పన్నెండు మొక్కలుంటే సుమారు 45 రోజులయ్యాక రెండు రోజులకోసారి ఒక పూట కూర వస్తుంది. కాయ కోయడం ఒక్కరోజు ఆలస్యమైనా ముదురుతుంది. సొరకు 50 లీటర్లకు తగ్గని డ్రమ్ము కావాలి. తోటకూర పది రోజుల తేడాతో రెండు ట్రేలలో చల్లుకోండి.

సొర పిందె పసుపెక్కి రాలుతుంటే ఎరువు తక్కువై కాదు, చాలాసార్లు పుప్పొడి అందక. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుతాయి, కాకర, దోస పొద్దున. మగపువ్వు కోసి, రేకలు తీసి, కింద పిందె ఉన్న ఆడపువ్వుకు తాకించాలి.

నీళ్లు పొద్దున ఎనిమిది లోపే. డాబా మీది పైపులో నిలిచిన నీళ్లు మధ్యాహ్నానికి సలసలలాడతాయి, ముందు ఆ నీళ్లు వదిలేశాకే కుండీకి పట్టండి. ఏప్రిల్‌లో బకెట్‌కు రెండు లీటర్లు పడుతుంది. మధ్యాహ్నం తీగలు వాలిపోవడం మామూలే. సాయంత్రానికి లేస్తే నీళ్లు అక్కర్లేదు. కంగారుపడి మళ్లీ మళ్లీ పోస్తే వేళ్లు కుళ్లుతాయి. దోసకు మాత్రం తడి ఆరనివ్వొద్దు, కాయ చేదెక్కుతుంది. ఏసీ నీళ్లు, బియ్యం కడుగు పోయొచ్చు. ఆర్వో వదిలే నీళ్లలో ఉప్పు ఎక్కువ, అవి గచ్చు తుడవడానికి ఉంచండి.

మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే నీళ్ల ఖర్చు బాగా తగ్గుతుంది. వేప, కానుగ ఆకు రాల్చేది ఈ రోజుల్లోనే, వీధి ఊడ్చి తగలబెట్టేలోపు రెండు సంచులు ఎత్తుకొస్తే చాలు. నెట్ ఏప్రిల్‌కు ముందు అక్కర్లేదు. ఆకుకూరలకు 50 శాతం నీడ, కాయలకు 35 శాతం. తల తగలనంత ఎత్తున, నాలుగు మూలలా గట్టిగా కట్టండి. వడగళ్ల గాలికి ముందు పోయేది నెట్టే.

బెండ ఆకు ఈనెలు పసుపెక్కితే అది తెల్లదోమ తెచ్చే వైరస్. మందు లేదు, మొక్క పీకేయండి. మిగతా వాటికి పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి. ఆకు కింద సన్నని సాలెగూడులా కనిపిస్తే ఎర్రనల్లి, పొద్దున పూట ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు పోతుంది. పేనుబంకకు లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి, పొద్దుగుంకాకే పిచికారీ చేయాలి. ఎండలో కొడితే ఆకే మాడుతుంది.

మృగశిర కార్తెకు నెట్ విప్పి మడిచి పెట్టండి. వాననీటిని సంపులోకి పట్టేవాళ్లు మొదటి రెండు వానల నీళ్లు బయటికే వదలాలి. డాబా మీది సున్నం, దుమ్ము అందులోనే వస్తాయి. ఆ రెండు వానలయ్యాక గొట్టం నోటి దగ్గర పేరుకున్న తెట్టు తీసి, అప్పుడు సంపు వైపు తిప్పుకోండి.